బర్రేటర్ రిజర్వాయర్ దగ్గర లెటర్‌బాక్స్ పట్టుకోవడం: ఒక పాత సర్వేయర్ పద్ధతి

ఇక్కడ లెటర్‌బాక్స్ అంటే ఉత్తరాలు వేసే ఎర్ర డబ్బా కాదు. ఇంగ్లాండ్‌లో డెవన్ ప్రాంతంలో డార్ట్‌మూర్ అని పెద్ద కొండ బీడు ఉంది. అక్కడ రాళ్ల సందుల్లో దాచిపెట్టే ప్లాస్టిక్ డబ్బాలకే ఆ పేరు. లోపల ఒక రబ్బరు స్టాంపు, ఒక చిన్న పుస్తకం ఉంటాయి. దొరికితే ఆ స్టాంపు మన నోట్‌బుక్‌లో వేసుకోవాలి, మన సొంత స్టాంపు ఆ పుస్తకంలో వేసి తేదీ రాయాలి, డబ్బాను మళ్లీ ఉన్నచోటే దాచేసి రావాలి. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు, అంతదూరం నడిచొచ్చినవాళ్లు విజిటింగ్ కార్డు వేసి పోవడానికి. అక్కడ మొదలైన సరదా ఇది.

నేను సర్వే శాఖలో చేసి రిటైరయ్యాను. అమ్మాయీ అల్లుడూ ప్లిమత్‌లో ఉంటారు. ఉగాది వెళ్లాక అక్కడికి పోతుంటాను. ఆ ఊరికి మంచినీళ్లిచ్చే బర్రేటర్ రిజర్వాయర్ డార్ట్‌మూర్‌లోనే ఉంది, దాని చుట్టుపక్కల మనవరాలితో కలిసి ఈ డబ్బాలు వెతకడం అలవాటైంది. అక్కడికొచ్చే మనవాళ్లు చాలామంది క్లూ చేతికి రాగానే కనపడ్డ రాయల్లా కదిపి చూస్తున్నారు. అది పని కాదు. ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకోవాలి, రాళ్ల సంగతి ఆ తరవాత.

క్లూ ఎలా ఉంటుందో చూడండి. లెక్క చెప్పడానికి నేనే అల్లాను, అక్కడ డబ్బా లేదు, వెతక్కండి: "లెదర్ టోర్ 300, షీప్స్ టోర్ 228, డౌన్ టోర్ 56. ఒంటరి ముళ్లచెట్టు నుంచి 22 అంగలు. బల్లపరుపు రాయి కింద." టోర్ అంటే గుట్ట నెత్తిన ఉండే గ్రానైట్ బండల పోగు, మన రాయలసీమ గుట్టల మీద బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటాయే, అలా. అంకెలు దిక్సూచి డిగ్రీలు: మీరు డబ్బా దగ్గర నిలబడితే ఆ టోర్ ఏ డిగ్రీలో కనపడుతుందో ఆ అంకె. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట పాతే ట్రై జంక్షన్ రాయి నాకు బాగా తెలుసు. ఇక్కడ రాయి ఉండదు, మూడు గీతలు కలిసే చోటు మాత్రం ఉంటుంది.

మొదటి పని ఇంట్లోనే. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నన్స్ సర్వే వాళ్ల డార్ట్‌మూర్ మ్యాప్, ఓఎల్ 28 నంబరుది కొనండి, 1:25,000 స్కేలు. మూడు టోర్‌ల నుంచి వెనక్కి గీతలు గీయండి. 180 లోపు అంకెకు 180 కలపాలి, పైదైతే తీసేయాలి. లెదర్ టోర్ 300 కాబట్టి ఆ టోర్ నుంచి 120 డిగ్రీల వైపు గీత. మూడూ ఒకే చుక్కలో కలవవు, చిన్న త్రిభుజం వస్తుంది. చాలు, ఆ త్రిభుజం దగ్గరికి నడిచి వెళ్లడమే. మ్యాప్ కాగితమే తీసుకెళ్లండి, లోయలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

క్లూ ఎప్పటిదో తప్పకుండా చూడండి. దిక్సూచి ముల్లు చూపే ఉత్తరం ఏటేటా కొంచెం జరుగుతుంది. ఆ ప్రాంతంలో 1980ల నాటి అంకెకూ ఇవాళ్టి అంకెకూ సుమారు ఆరు డిగ్రీల తేడా. అప్పటి క్లూలో 306 అని ఉంటే ఇప్పుడు 300 దగ్గర చూడాలి. అర కిలోమీటరు దూరంలో ఉన్న టోర్‌కి ఆరు డిగ్రీలంటే పక్కకి యాభై మీటర్ల పైనే. అంత పక్కన నిలబడి ఎన్ని రాళ్లు ఎత్తినా ఏం లాభం?

నార్స్‌వర్తీ వంతెన దగ్గర కారు ఆపి ఎక్కడం మాకు అలవాటు. అనుకున్న చోటు దాపుకి వచ్చాక దిక్సూచిని ఛాతీ ఎత్తున, అరచేతిలో సమంగా పట్టుకోండి. కారు తాళాలు, ఫోను బ్యాగులో వేసి బ్యాగు కాస్త దూరంగా పెట్టండి. ఈ రోజుల్లో ఫోన్ కవర్లకే అయస్కాంతాలు ఉంటున్నాయి. ఇనుప కంచె పక్కన రీడింగ్ తీయవద్దు.

ఒక్కో టోర్‌ని ఒక్కోసారి సరిచేసుకోండి. షీప్స్ టోర్‌కి ఎదురుగా నిలబడితే 232 వచ్చిందనుకోండి, కావలసింది 228. అంకె ఎక్కువొస్తే ఆ టోర్‌నే చూస్తూ కుడికి జరగాలి, తక్కువొస్తే ఎడమకి. ఇదొక్కటి నోటికొస్తే చాలు. మా మనవరాలు "కుడి, కుడి, ఇంకా కుడి, ఆగు తాతయ్యా" అని అరుస్తూ నన్ను బురదలోకి నడిపిస్తుంది. ఒక టోర్ సరిపోయాక రెండోదానికి తిరగండి. ఈసారి ఎటుపడితే అటు జరగొద్దు, మొదటి టోర్ వైపుకో, సరిగ్గా దానికి వెనక్కో నడవాలి. అప్పుడు మొదటి అంకె చెడదు. మూడోది తనిఖీకి.

అంగల దగ్గర టెన్షన్ పడొద్దు. అవి రాసినవాడి కాళ్లు, మనవి కావు. పైగా ఎగుడుదిగుడు నేల. 22 అంగలంటే చివర మూడు నాలుగు అంగల చుట్టూరా వెతకాలని అర్థం.

ఇప్పుడు రాళ్ల వంతు. కర్రతో ముందు తట్టండి, ఎండ కాసే రోజుల్లో ఆడర్ అనే విషపు పాము రాళ్ల మీద పడుకుంటుంది. కదలని రాయికి నాచు అంచు నేలతో కలిసిపోయి ఉంటుంది. ఎవరో ఎత్తి పెట్టిన రాయికి ఆ అంచు తెగి, కింద సన్నటి మట్టిగీత కనపడుతుంది. అదే మీ రాయి. గోడల్లో, పురాతన కట్టడాల్లో డబ్బా పెట్టకూడదని లెటర్‌బాక్స్‌లు దాచేవాళ్ల నియమం. కాబట్టి పాత గోడల జోలికి పోకండి, తవ్వనూవద్దు. మే దాటితే బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క నడుమెత్తు పెరిగి అన్నిటినీ కప్పేస్తుంది, అందులో పిడుదులు కూడా. చలికాలం చివరి నుంచి ఏప్రిల్ దాకా వెతకడానికి మేలు. మంచు కమ్మితే టోర్‌లు కనపడవు, ఇంటికి వెళ్లిపోండి. బీడు ఉత్తర భాగంలో సైన్యం కాల్పుల మైదానాలున్నాయి. అటు పోతే ఎర్రజెండా చూసుకోవాలి, బర్రేటర్ దగ్గర ఆ బాధ లేదు.

డబ్బా దొరకని రోజు షీప్స్‌టోర్ ఊళ్లోని చర్చికి వెళ్లండి. కాశీ దగ్గర పుట్టి, బోర్నియోలోని సారవాక్‌కి రాజై కూర్చున్న జేమ్స్ బ్రూక్ సమాధి అక్కడుంది. ఎక్కడి కాశీ, ఎక్కడి డెవన్!

సొంత స్టాంపు కొనకండి, పెద్ద రబ్బరు ముక్క మీద చెక్కుకోండి. మా మనవరాలు "అ" చెక్కింది. పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో అక్షరం రాసి, రాసిన వైపు రబ్బరుకి ఆనించి గోటితో రుద్దితే అక్షరం తిరగేసి దిగుతుంది. చుట్టూ ఉన్నది తీసేసి అక్షరాన్ని ఎత్తుగా వదలాలి. ఇంకు ప్యాడు మనదే తీసుకెళ్లాలి, డబ్బాలోది ఎండిపోయి ఉండొచ్చు. స్టాంపు వేశాక ఇంకు ఆరేదాకా పుస్తకం మూయకండి, లేకపోతే ఎదుటి పేజీలో వేరేవాళ్ల స్టాంపు పాడవుతుంది. మూత గట్టిగా బిగించి, రాయి తీసినట్టే పెట్టి, నాచు అంచు మీద కాస్త ఎండుగడ్డి సర్దండి. ఫోటో తీస్తే స్టాంపుది తీయండి, రాయిది వద్దు.