కాలీఫ్లవర్ క్లోజప్: ముద్దలా వస్తున్న ఫోటోను సరిచేయడం

చలికాలంలో శ్రీకాకుళం రైతుబజారుకు వెళ్తే బిగుతైన కాలీఫ్లవర్ దొరుకుతుంది. ఫ్రాక్టల్ (ముక్కలోనూ మొత్తం రూపమే కనబడే ఆకారం) ఫోటోలకు అది చాలు, రోమనెస్కో (మొనదేలిన బుడిపెల ఆకుపచ్చ రకం) కోసం వెతకక్కర్లేదు. ఆకులు విరవకుండా ఇమ్మనండి. ఆకు కప్పి ఉంటే పువ్వుకు దెబ్బ తగలదు, గోధుమ మచ్చలు పడవు.

సమస్య: పువ్వు తెల్లటి ముద్దలా ఉంది, బుడిపెలు తెలియట్లేదు.
కారణం: ఫ్లాష్, లేదా ఎదురుగా పడే వెలుతురు. బుడిపెకూ బుడిపెకూ మధ్య గాడిలో నీడ లేకపోతే ఆకారమే లేదు. నా లెక్కలో పాడైన ఫోటోల్లో ఎక్కువ ఇక్కడే పోతాయి.
పరిష్కారం: ఫ్లాష్ ఆపండి. ఉదయం కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఒక్క వైపు నుంచే తగిలేలా పువ్వును మెల్లగా తిప్పండి. ఒక చోట ఆవగింజంత బుడిపెకు కూడా ఒక పక్క సన్నటి నీడ పడుతుంది, చుట్లు తిరిగే వరసలు పైకి లేస్తాయి. అక్కడ ఆగండి. నేరుగా ఎండ పడుతుంటే కిటికీకి తెల్ల పంచె కట్టండి. అవతలి పక్క నల్ల అట్ట నిలబెడితే నీడ ఇంకా చిక్కబడుతుంది.

సమస్య: తెలుపు బూడిదరంగులో వస్తోంది, లేదా వెలుగు ఎక్కువై వివరాలు పోతున్నాయి.
కారణం: ఫ్రేమంతా తెలుపైతే కెమెరా వెలుగు తగ్గిస్తుంది. వెనక నల్లగుడ్డ ఎక్కువైతే పెంచేస్తుంది.
పరిష్కారం: తెర మీద పువ్వున్న చోట నొక్కి, ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) చేత్తో సర్దండి.

సమస్య: మధ్యలో ఒక్క రెబ్బే స్పష్టం, మిగతాదంతా మసక.
కారణం: దగ్గరయ్యేకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతు తగ్గిపోతుంది.
పరిష్కారం: ఫోన్ అయితే జానెడు వెనక్కి జరిగి తీసి, తర్వాత కత్తిరించండి. కెమెరా అయితే అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11. అదీ చాలకపోతే ముందు బుడిపె నుంచి వెనక బుడిపె దాకా ఫోకస్ జరుపుతూ పది ఫోటోలు తీసి కలపండి.

కదిలిపోతోందా? ఫ్యాను ఆపి, కందిపప్పు పొట్లానికి ఫోన్ ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టండి.

సమస్య: అన్నీ బాగున్నాయి, కానీ ఫ్రాక్టల్ అనిపించట్లేదు.
కారణం: ఒకే సైజు చూపించారు. గణితవేత్త మాండెల్‌బ్రాట్ 1975లో ఈ పేరు పెట్టింది ముక్కలోనూ మొత్తం రూపం కనబడే ఇలాంటి ఆకారాలకే. కాలీఫ్లవర్‌లో మొగ్గ పువ్వు కాలేక మళ్లీ కాడగా మారి, కొత్త మొగ్గలు వేస్తూ పోతుంది.
పరిష్కారం: మొత్తం పువ్వు, అందులోంచి ఒక రెబ్బ, ఆ రెబ్బలోంచి చిన్న ముక్క. మూడింటినీ అదే వెలుతురులో, అదే కోణంలో, ఫ్రేమ్ నిండా తీయండి. గోరంత ముక్క ఫోటో చూపిస్తే మా అమ్మ అడిగింది: "ఇంత పెద్ద పువ్వు, ఎంతకిచ్చేడు?"