డెంటల్ అసిస్టెంట్ పని నేర్చుకుందాం – 4వ పాఠం: సక్షన్ పట్టుకునే చేయి

పోయిన పాఠంలో ట్రే సర్దాం. పేషెంట్‌ను చైర్‌లో పడుకోబెట్టి లైటు నోటి మీదికి తిప్పాం. ఇప్పుడు డాక్టర్‌గారు పన్ను తొలిచే ఎయిరోటర్ అందుకునే ముందే మీ చేతిలోకి రావాల్సింది సక్షన్, అంటే నోట్లోని ఉమ్మినీ నీళ్లనూ లాగేసే గొట్టం.

పట్టుకుని కూర్చోవడమేగా అనిపిస్తుంది. పనిలో చేరిన కొత్తలో నాకూ అలాగే అనిపించింది. ఒకరోజు ఓ కుర్రాడి కింది దవడ పన్నుకు పన్ను రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ వేస్తున్నారు. డాక్టర్‌గారు యాసిడ్ జెల్ పెట్టి, కడిగి, గాలితో ఆరబెట్టారు. పన్ను సుద్దముక్కలా తెల్లబడింది. సరిగ్గా అప్పుడే నా చేయి నొప్పెట్టి ట్యూబును కాస్త వెనక్కి లాగాను. ఖాళీ దొరికింది కదా, నాలుక వచ్చి పన్నును ఒక్కసారి తాకి వెళ్లింది. నేను చూశాను, కానీ భయపడి చెప్పలేదు. మూడు వారాలకు ఊడిన ఫిల్లింగ్‌ను కాగితంలో పొట్లం కట్టుకుని ఆ కుర్రాడి అమ్మగారు వచ్చారు. జెల్ పెట్టిన పన్నుకు ఉమ్మి తగిలితే ఫిల్లింగును అంటించే బాండ్ సరిగా పట్టదు. కడిగి, మళ్లీ జెల్ పెట్టి మొదటినుంచీ చేయాలి. కాబట్టి నాలుక తగిలినట్టు కనబడితే ఆ క్షణమే "డాక్టర్‌గారూ, తడి తగిలింది" అనండి. ఎవరూ కోప్పడరు, కోప్పడినా ఫర్వాలేదు.

ముందు ఉమ్మి ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. అద్దం ముందు నిలబడి బుగ్గను వేలితో పక్కకు లాగండి. పైదవడ రెండో పెద్దపన్నుకు ఎదురుగా, బుగ్గ లోపల చిన్న బొడిపె కనిపిస్తుంది. ఇప్పుడు కొత్త ఆవకాయను గుర్తు చేసుకోండి. ఆ బొడిపె దగ్గర తేమ ఊరడం మీకే కనబడుతుంది. నాలుక పైకెత్తితే దాని కింద నరంలా ఉన్న మడతకు రెండు పక్కలా ఇంకో రెండు బొడిపెలు ఉంటాయి. మనిషికి రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది. దానికి తోడు నిమిషానికి మూడు లక్షల సార్లకు పైగా తిరిగే ఎయిరోటర్ పన్నును కాల్చేయకుండా నీళ్లు చిమ్ముతూనే ఉంటుంది. పేషెంట్ వెల్లకిలా పడుకుని ఉంటారు కాబట్టి ఇదంతా గొంతు వైపే జారుతుంది. ఆ కంగారు వాళ్ల చేతివేళ్లలో తెలుస్తుంది. చైర్ పిడిని బిగించి పట్టుకున్నారంటే గొంతులో నీళ్లు నిండాయని అర్థం.

మన చైర్లకు మామూలుగా రెండు రకాల సక్షన్ ఉంటుంది. ఒకటి సన్నగా, వంచితే వంగి అలాగే నిలిచే ప్లాస్టిక్ ట్యూబు, అంటే సెలైవా ఎజెక్టర్. దాన్ని కొక్కెంలా వంచి, పని జరిగే పక్కకు అవతల, నాలుక కింద తగిలిస్తే నెమ్మదిగా ఉమ్మిని లాగుతూ ఉంటుంది. ఎయిరోటర్ చిమ్మే తుంపరకు అది చాలదు. రెండోది హై వాల్యూమ్ సక్షన్. దాని నోరు 8 మిల్లీమీటర్లు, అంతకంటే వెడల్పు. నిమిషానికి 100 ఘనపుటడుగుల దాకా గాలిని లాగుతుంది. నీళ్లతో పాటు నోట్లోంచి పైకి లేచే తుంపరను కూడా పట్టేస్తుంది కాబట్టి మీ ఊపిరికీ అదే కాపలా. కొన్ని చిన్న క్లినిక్కుల్లో మొదటిది మాత్రమే ఉంటుంది. అక్కడ తరచూ ఆగి నీళ్లు తీయక తప్పదు.

హై వాల్యూమ్ సక్షన్‌ను ఎలా పట్టుకోవాలో ఇప్పుడు చూద్దాం. డాక్టర్‌గారిది కుడిచేతి వాటమైతే మీరు పేషెంట్‌కు ఎడమ పక్కన కూర్చుంటారు. సక్షన్ మీ కుడిచేతిలో, గాలీ నీళ్లూ వచ్చే త్రీవే సిరంజ్ ఎడమచేతిలో ఉంటాయి. పెన్నులా పట్టుకోవచ్చు. బుగ్గనో నాలుకనో గట్టిగా ఆపాల్సి వస్తే పిడికిట్లో పట్టండి. ఆ పట్టులో ట్యూబు వెనక భాగం బొటనవేలి వైపు ఉంటుంది, చేయి పైకెత్తితే బొటనవేలు మీ ముక్కు వైపు చూస్తుంది.

ఎప్పుడూ మీ సక్షన్ ముందు వెళ్లి కుదురుకోవాలి, ఆ తర్వాతే డాక్టర్‌గారి అద్దం, ఎయిరోటర్. వాళ్ల చేతులు లోపలికి వెళ్లాక మీకు చోటు దొరకదు. కొసను పని జరిగే పన్నుకు కాస్త వెనగ్గా ఉంచండి. ఏటవాలుగా కోసిన నోరు పన్ను గోడకు సమాంతరంగా ఉండాలి, దాని అంచు పన్ను నమిలే భాగంతో సమానంగానో, రవ్వంత పైకో ఉండాలి. పేషెంట్ ఎడమ పక్క పళ్లకైతే బుగ్గ వైపు నుంచి, కుడి పక్క పళ్లకైతే నాలుక వైపు నుంచి పెట్టండి. ముందుపళ్లకు డాక్టర్‌గారు పెదవి వైపు పని చేస్తుంటే మీరు లోపలి వైపు ఉండాలి. కొండనాలుక దగ్గరికి, నాలుక మొదటికి మాత్రం వెళ్లకండి, వెంటనే డోకు వస్తుంది. ఎప్పుడైనా బుగ్గ ట్యూబులోకి అతుక్కుంటే గుంజకండి. కొసను మెల్లగా తిప్పండి, లేదా వాల్వు మూయండి, దానంతట అదే వదులుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "ట్యూబు చుట్టూ నోరు మూసి పీల్చండమ్మా" అని చాలాచోట్ల అంటారు. మీరు అనకండి. ఎందుకో ఇంట్లోనే చూడొచ్చు. స్ట్రాలోకి సగం దాకా షర్బత్ ఎక్కించి పైకొసను వేలితో మూయండి. కింది కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పీలుస్తూ వేలు తీయండి. స్ట్రాలో ఉన్నదంతా మీ నోట్లోకి వచ్చేసింది కదా? ఎజెక్టర్ చుట్టూ పెదాలు బిగిస్తే కూడా ఇలాగే జరగొచ్చు. నోట్లో పీడనం ట్యూబులో కన్నా తగ్గితే లోపల నిలిచింది వెనక్కి వస్తుంది. అందులో అంతకుముందు వచ్చిన పేషెంట్ ఉమ్మి ఉండొచ్చు. ప్లాస్టిక్ కొసను మారుస్తాం గానీ దాని వెనకున్న గొట్టాన్ని మార్చం. అందుకే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003లో ఇచ్చిన సూచనల్లోనూ పేషెంట్‌ను అలా పెదాలు బిగించమని చెప్పొద్దని ఉంది. మీరు "నోరు తెరిచే ఉంచండి, నీళ్లు నేను తీసేస్తాను" అనండి. పెద్దవాళ్లకు ఈ మాటతోనే సగం టెన్షన్ తగ్గుతుంది.

ప్రతి పేషెంట్ తర్వాతా కాసేపు శుభ్రమైన నీళ్లు లాగించండి. సాయంత్రం నురగ రాని క్లీనర్ వాడండి. నురగ మోటారు దాకా పోతే అది పాడవుతుంది. బ్లీచ్ వద్దు. పాత వెండి ఫిల్లింగుల పొడి గొట్టంలో చేరి ఉంటే బ్లీచ్ దానిలోంచి పాదరసాన్ని కరిగించి మురుగులోకి పంపుతుంది. సక్షన్ జాలీలో చేరిన ముక్కలను గ్లౌజులు వేసుకునే తీయండి.

ఈ వారం సాధన: లావు స్ట్రా ఒకదాన్ని ఏటవాలుగా కోయండి. బల్లమీద గ్లాసు పెట్టి, కుడిచేత్తో స్ట్రా కొసను దాని లోపలి అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉంచండి. అదే సమయంలో ఎడమచేత్తో ట్వీజర్‌తో దూది ఉండలు ఒక్కొక్కటీ తీసి పక్క గిన్నెలో వేయండి. స్ట్రా గ్లాసుకు తగలకుండా ఐదు నిమిషాలు చేయాలి. మొదటిరోజు రెండో నిమిషానికే చేయి వణుకుతుంది. మోచేయి ఒంటికి ఆనించి చూడండి.

వచ్చే పాఠం రబ్బర్ డ్యామ్, అంటే ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ పలుచని రబ్బరు షీటు తొడగడం. 1864లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో శాన్‌ఫర్డ్ బార్నమ్ అనే దంతవైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి అది. ఈలోగా నాలుగైదు పెద్ద బెలూన్లు, ఓ కత్తెర తెచ్చి ఉంచుకోండి.