చిన్న హోటల్లో పొగను గుమ్మం బయటే ఆపడం ఎలా

గుంటూరు బస్టాండ్ దగ్గరి ఒక సందులో మాకు టిఫిన్ హోటల్ ఉంది. వంట మా ఆయన చూసుకుంటారు, కౌంటర్ నాది. మాలాగే హోటలో, మెస్సో, టీ కొట్టో నడుపుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. బల్ల దగ్గర ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే ఆ తప్పు ఆయనది, మనకేమిటి సంబంధం అని చాలామంది ధీమాగా ఉన్నారు. అంత ధీమా పనికిరాదు.

బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టంలోని నాలుగో సెక్షన్ నిషేధించింది. దాని కింద వచ్చిన నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం యజమాని కానివ్వండి, మేనేజరు కానివ్వండి, ఆ చోటు ఎవరి అజమాయిషీలో ఉంటే వారే అక్కడ పొగ లేకుండా చూడాలి. తాగినవారికి 200 రూపాయల దాకా జరిమానా. ఫలానా ఆయన తాగుతున్నాడని ఎవరైనా మనకు చెప్పినా పట్టించుకోకపోతే, ఎందరు తాగారో అన్ని తప్పులకు సరిపడా జరిమానా మన నెత్తిన పడుతుంది.

“ఇది బయటే కదా అమ్మా” అనే వాదన రోజూ వస్తుంది. చట్టం చెప్పే బహిరంగ స్థలంలో ఆరుబయలు లేదన్నది నిజమే. బస్టాపులు, రైల్వే స్టేషన్లు, స్టేడియాలను 2008 నిబంధనలు కలుపుకున్నాయి గానీ, రోడ్డు పక్కన నిలబడి కాల్చుకునే మనిషిని ఈ చట్టం పేరుతో మనం ఏమీ అనలేం. మరి అరుగు మాటేమిటి? పైన రేకులు, కింద బల్ల, బల్ల మీద మన ఇడ్లీ ప్లేటు ఉన్నప్పుడు అది హోటలే అని నా లెక్క. ఈ లెక్కలో ఒక్కరి దగ్గర మెత్తబడినా మర్నాటికి అరుగంతా పొగే.

ముందు బోర్డు సంగతి చూడండి. కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, తెల్లటి నేపథ్యం ఉండాలి. సిగరెట్ బొమ్మ మీద ఎర్ర గీత, చుట్టూ ఎర్ర వలయం, పక్కన “పొగ తాగరాని ప్రదేశం, ఇక్కడ పొగ తాగుట నేరం” అన్న మాట ఉండాలి. తెలుగులో చాలు. ఫ్లెక్సీ కొట్టువారికి సెంటీమీటర్లు చెప్తే మొహం చూస్తారు. రెండడుగులు, ఒక అడుగు అని చెప్పండి, కొలత సరిగ్గా సరిపోతుంది. ఫిర్యాదు ఎవరికి చేయాలో వారి పేరు కూడా ప్రదర్శించాలి. అక్కడ సర్వరు కుర్రాడి పేరు రాయించవద్దు. ఇరవై ఏళ్లవాడు తండ్రి వయసు మనిషిని ఎలా ఆపుతాడు? కౌంటర్లో కూర్చునేవారి పేరే ఉండాలి, మా బోర్డు మీద నా పేరే ఉంది. ఫ్లెక్సీ అయితే పోపు ఆవిరికి జిడ్డు పట్టి నెలల్లోనే పచ్చబడుతుంది. సన్‌బోర్డు మీద వేయిస్తే తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. గుమ్మం దగ్గర ఒకటి తప్పనిసరి. లోపలిదాన్ని దేవుడి పటాల పక్కన కాకుండా ధరల పట్టిక పక్కన పెట్టండి. హోటల్లోకి వచ్చిన ప్రతి మనిషీ కచ్చితంగా చదివేది అదొక్కటే.

బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే మాత్రం ఏమీ మారదు. మనిషిని ఆపడం కన్నా నిప్పును ఆపడం తేలిక. యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ వంటివి హోటల్లో అందుబాటులో ఉంచకూడదని నిబంధనే ఉంది. మా కౌంటర్ మీద బిల్లుల మేకు పక్కన అగ్గిపెట్టె ఒకటి ఎప్పుడూ పడి ఉండేది, అది తీసి వంటింట్లో పెట్టించాను. తర్వాత తాడు. పక్కనున్న కిళ్లీ కొట్టు అతను సన్నటి కొబ్బరి తాడు కొసన నిప్పు రాజేసి మా అరుగు స్తంభానికే వేలాడదీసేవాడు. వచ్చినవారు టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, వంగి, తాడు కొసను ఊది, బీడీ అంటించుకుని, అదే ఊపులో వెనక్కి తిరిగి మా బల్ల మీద కూర్చునేవారు. కిళ్లీ కొట్టు అతనితో తగువు పడలేదు. “తమ్ముడూ, తాడు నీది, స్తంభం నాది” అన్నాను. నవ్వి, తన కొట్టు అవతలి వైపుకు మార్చుకున్నాడు. ఆ నాలుగు అడుగుల దూరంతోనే సగం పొగ తగ్గింది. మిగిలింది అగరవత్తి. వెంకటేశ్వరస్వామి పటం ముందు వెలిగించిన అగరవత్తికి బీడీ ఆనించే మహానుభావులు ఉంటారని కౌంటర్లో కూర్చుంటే గానీ తెలియదు. పటాన్ని చేయి అందనంత ఎత్తుకు జరిపించాను. టీ తాగేసిన గ్లాసులను వెంటనే తీయించడం కూడా ఇందులో భాగమే. ఖాళీ గ్లాసు బల్ల మీద ఉంటే చాలు, అందులో నుసి రాలుస్తారు.

ఇక మాట. చెప్పవలసిన సమయం ఒకటుంది: టీ వచ్చాక చేయి చొక్కా జేబులోకి వెళ్లేటప్పుడు. అప్పుడు చెప్తే వినని మనిషి అరుదు. వెలిగించాక చెప్తే పౌరుషం అడ్డొస్తుంది. చట్టం, జరిమానా అన్న మాటలతో మొదలుపెట్టకండి. “అన్నయ్యగారూ, బయట కాల్చుకుని రండి, మీ టీ మూత పెట్టి ఉంచుతాను” అంటాను, నిజంగానే మూత పెట్టిస్తాను. ఎండాకాలం ముందు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే రైతులు తెల్లవారుజామున వస్తారు, రాత్రంతా లారీ మీద ప్రయాణం, నోట్లో చుట్ట. వాళ్లకు చెప్పడమే నాకు తేలిక. “బాబాయ్, లోపల పసిపిల్ల ఉంది” అంటే చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని వస్తారు. కష్టమంతా ఇస్త్రీ చొక్కాలతోనే. “నేనెవరో తెలుసా” అని అడిగిన మనిషికి “తెలియదండీ, పేరు చెప్పండి, బోర్డు కింద రాసుకుంటాను” అన్నాను ఒకసారి. అందరితో ఇలా అనమని చెప్పను. సాధారణంగా నేను చేసేది ఒకటే: సిగరెట్ ఆరేదాకా ఆ బల్లకు దోసె వెళ్లదు. గట్టిగా ఏమీ అనం, ఆలస్యం అవుతుంది, అంతే.

అప్పటికీ వినకపోతే? జరిమానా వసూలు చేసే అధికారం మనకు లేదు. ఎస్సై, ఆపై హోదా పోలీసు అధికారులకు ఉంది. ఆసుపత్రిలో సూపరింటెండెంట్‌కు, కాలేజీలో ప్రిన్సిపాల్‌కు, రైల్వే స్టేషన్‌లో స్టేషన్ మాస్టర్‌కు వారి వారి పరిధిలో ఉంది. 112కు ఫోను చేయవచ్చు గానీ, పోలీసులు వచ్చేలోపు సిగరెట్ అయిపోతుంది, మనిషీ వెళ్లిపోతాడు. గొడవకు దిగితే మాత్రం తప్పకుండా చేయండి. ఒకే చోట రోజూ ఇదే తంతు అయితే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు చెప్పడమో, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వడమో మేలు. అర్జీలో ఏ చోటు, ఏ వేళ అన్నది రాయాలి. “ఊరంతా తాగుతున్నారు” అని రాస్తే దాన్ని పట్టుకుని ఎవరూ ఎక్కడికీ వెళ్లలేరు.

అమలు ఎలా ఉంది అంటారా? మే 31న పొగాకు వ్యతిరేక దినం చుట్టూ కాస్త హడావుడి, కొన్ని చలానాలు, ఆ తర్వాత మామూలే. మా బోర్డు కొలత చూడడానికి వచ్చిన అధికారి ఇంతవరకు లేరు. 2003లో పెట్టిన 200 మన రాష్ట్రంలో పెరగలేదు. కర్ణాటక తన పరిధిలో దాన్ని 1,000 రూపాయలు చేసుకుంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమే మన గుంటూరులో ఉంది, మా బంధువుల్లో సగం ఇళ్లు పొగాకు మీద నిలబడ్డవే. ఈ ఊళ్లో పొగను తిడితే ఎవరికీ రుచించదు. అందుకే నేను తిట్టను, బయటికి పంపుతాను.

విడిగా పొగ గది కట్టుకోవచ్చా అని అడుగుతారు. హోటల్లో ముప్ఫై లేదా అంతకన్నా ఎక్కువ సీట్లుంటేనే ఆ వీలు. నాలుగు వైపులా నిండు గోడలు, తనంతట తనే మూసుకునే తలుపు, పొగను నేరుగా బయటికి తోసే ఏర్పాటు ఉండాలి. 2017 నుంచి ఆ గదిలో టీ కూడా అందించకూడదు. చిన్నవాళ్లకు దండగ.

బయటికి పంపిన వారు సిగరెట్, బీడీ పీకలు ఎక్కడ వేయాలన్నది కూడా మనమే చూడాలి, లేకపోతే పక్క కొట్టువారితో రోజూ మాట వస్తుంది. పాత రంగు డబ్బాలో తడి ఇసుక పోసి మురుగు కాలువ అవతల, కరెంటు స్తంభం దగ్గర పెట్టించాను. అరుగు మీద పెడితే అది యాష్‌ట్రే కిందికి వస్తుంది, పెట్టవద్దు. రోజూ రాత్రి కొట్టు కట్టేసే ముందు డబ్బా ఖాళీ చేయించి ఇసుక తడిపించండి. రెండు రోజులు వదిలేస్తే కిళ్లీ ఉమ్మేవారు దాన్ని సొంతం చేసుకుంటారు.