మెంబర్‌షిప్ కట్టాక టికెట్ దాకా: హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్లాలంటే

జూన్‌లో ఒక మధ్యాహ్నం చిలకలగూడలోని మా ఇంటర్నెట్ సెంటర్‌కు మల్కాజిగిరి నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఫోన్ నా ముందు పెట్టి, "అక్కా, లివర్‌పూల్ మెంబర్‌షిప్ తీసుకున్న. పైసలు కట్ అయినయ్. టికెట్ ఏడొస్తది?" అని అడిగాడు. స్క్రీన్ మీద మెంబర్‌షిప్ నంబర్ తప్ప ఇంకేమీ లేదు. మొదటి జీతంలోంచి కట్టాడట. ఆ రోజు అతన్ని కూర్చోబెట్టి చెప్పినవే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను. ఇదే ప్రశ్నతో నెలకు ఒకరిద్దరు వస్తూనే ఉన్నారు.

తిరుమల టికెట్లు బుక్ చేసిన అనుభవం ఉంటే ఈ వ్యవహారం చప్పున అర్థమవుతుంది. 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలైన రోజు ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లవి. ఆర్జిత సేవలకైతే ముందు పేరు నమోదు చేసుకోవాలి, తర్వాత డిప్ తీస్తారు. లివర్‌పూల్, ఆర్సెనల్ లాంటి క్లబ్బులు మెంబర్లకు ఇచ్చే టికెట్లు ఇప్పుడు చాలావరకు ఈ డిప్ పద్ధతిలోనే పోతున్నాయి. వాళ్లు దాన్ని బ్యాలట్ అంటారు. మనం కట్టిన మెంబర్‌షిప్ డబ్బుతో వచ్చేది ఆ డిప్‌లో పేరు వేసుకునే హక్కు. టికెట్ డబ్బు వేరే కట్టాలి, అదీ పేరు తగిలితేనే.

వరసలో మనం ఎక్కడున్నాం

ముందు ఇది తెలుసుకుంటే తర్వాత మనసు కష్టపెట్టుకునే పని ఉండదు. లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో సుమారు 61 వేల మంది పడతారు. అందులో పెద్ద భాగం ఏడాది మ్యాచ్‌లకన్నిటికీ కలిపి కొనే సీజన్ టికెట్ ఉన్నవాళ్లది. దానికోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లున్నారు. ఎదుటి జట్టు అభిమానులకు కొన్ని సీట్లు, భోజనంతో కలిపి అమ్మే హాస్పిటాలిటీకి కొన్ని. మిగిలినవే మెంబర్లకు. ఆ మెంబర్లలోనూ అందరూ సమానం కాదు. ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో జట్టు సొంత మైదానంలో ఆడేవి 19 మ్యాచ్‌లు. ముందటి సీజన్‌లో వాటిలో 13 లేదా అంతకు మించి అక్కడికెళ్లి చూసినవాళ్లు ముందు వరస, కనీసం నాలుగు చూసినవాళ్లు ఆ తర్వాత. ఒక్క మ్యాచ్ కూడా చూడని మనలాంటివాళ్ల పేర్లు చివరికి మిగిలిన టికెట్ల డిప్‌లో పడతాయి. ఆర్సెనల్‌లో ఇదే సంగతి రంగుల పేర్లతో ఉంటుంది. గోల్డ్ అంటే సీజన్ టికెట్, తర్వాత సిల్వర్, ఆ తర్వాత రెడ్. కొత్తగా చేరేవాళ్లకు దొరికేది రెడ్.

మన ఊరి అభిమానుల్లో చాలామందికి ఇది అన్యాయంగా తోస్తుంది. రాత్రి ఒంటిగంటన్నరకు అలారం పెట్టుకుని లేచి మ్యాచ్ చూసి, పొద్దున్నే ఆఫీసుకు పోయేవాళ్లం మేము అభిమానులం కామా అని అడుగుతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆ వరస సరైనదేనని నమ్ముతున్నాను. వానలో, చలిలో, జట్టు ఓడిపోతున్న ఏడాదిలో కూడా వచ్చి కూర్చున్నవాళ్లకు ముందు చోటు ఇవ్వాలి. 2016 ఫిబ్రవరిలో కొన్ని సీట్ల ధర 77 పౌండ్లు చేస్తామని లివర్‌పూల్ క్లబ్ అన్నప్పుడు సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది లేచి బయటకు నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో గెలుస్తోంది, చివరికి 2-2. కొన్ని రోజుల్లోనే యజమానులు ఆ ధర వెనక్కి తీసుకున్నారు. ఈరోజు మనం కొనే టికెట్ ధర అదుపులో ఉందంటే ఆ లేచిపోయినవాళ్ల పుణ్యం కూడా ఉంది. ప్రీమియర్ లీగ్‌లో ఎదుటి జట్టు అభిమానుల టికెట్ 30 పౌండ్లు మించకూడదన్న నియమం ఆ ఏడాదే మొదలైంది. దానికోసమూ అక్కడివాళ్లే కొట్లాడారు.

నాకు కోపం తెప్పించేది వేరే. మైదానంలో ఎన్ని సీట్లున్నాయో క్లబ్బుకు తెలుసు, మెంబర్‌షిప్‌లు మాత్రం అమ్ముతూనే పోతారు. సీట్లు పెరగవు, డిప్‌లో పేర్లు పెరుగుతాయి. కట్టేముందు ఆ పేజీలో పెద్ద అక్షరాలతో "ఇది టికెట్ కాదు" అని రాసి ఉంటే మల్కాజిగిరి అబ్బాయి ముఖం ఆ రోజు అలా వాడిపోయేది కాదు. 2024 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలో మెంబర్ల టికెట్లన్నీ 66 పౌండ్లు చేసి, పిల్లలకూ పెద్దవాళ్లకూ రాయితీ తీసేసినప్పుడు అభిమానులు రోడ్డెక్కారు. మెంబర్ అన్న మాటకు మనం ఇచ్చే విలువ, క్లబ్ ఇచ్చే విలువ ఒకటి కాదని అప్పుడు మళ్లీ తెలిసింది. బార్సిలోనాలో మెంబరుకు అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు ఉంటుంది. జర్మనీలో సగానికి పైగా ఓట్లు సభ్యులవే కావాలన్న 50+1 నియమం వల్ల చాలా క్లబ్బుల్లో నిర్ణయాధికారం సభ్యుల చేతిలోనే ఉంటుంది. మన సంగతి చెప్పనక్కర్లేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన రాత్రి మా వీధిలో టపాసులు కాల్చాం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి వెళ్లిపోయింది. గచ్చిబౌలి స్టాండ్లలో కూర్చున్న ఎవరినీ ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. అందుకే ఏ మెంబర్‌షిప్ తీసుకున్నా అందులో మనకు ఏ హక్కు ఉందో ముందు చదవమని చెబుతాను.

ఫారం నింపేటప్పుడు

కొన్ని క్లబ్బుల్లో వీడియోలకూ డిస్కౌంట్లకూ మాత్రమే పనికొచ్చే చవక మెంబర్‌షిప్ లేదా ఉచిత ఖాతా ఉంటుంది. టికెట్ అమ్మకంలో పాల్గొనే హక్కు ఉందని స్పష్టంగా రాసినదే తీసుకోండి. స్కార్ఫూ, పుస్తకమూ పోస్టులో పంపే ప్యాక్ అవసరం లేదు, అది లేని రకం ఉంటే అదే చాలు. ఇంట్లో ఎంతమంది వెళ్లాలనుకుంటే అంతమందికీ విడివిడిగా మెంబర్‌షిప్ ఉండాలి. తీసుకోవాల్సిన సమయం వేసవి. లివర్‌పూల్‌లో సీజన్ మొదటి సగం మ్యాచ్‌ల డిప్‌కు వేసవిలో, రెండో సగానికి శీతాకాలం మొదట్లో నమోదు జరుగుతుంది. అక్టోబర్‌లో కట్టినవాళ్లకు మొదటి సగం పోయినట్టే.

పేరు విషయంలో జాగ్రత్త. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందుంటుంది, ఒకరికి ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అని ఏది ఉందో అదే మెంబర్‌షిప్‌లోనూ వేయండి. పూర్తి పేరు ఒకచోట, పొట్టి అక్షరాలు ఇంకోచోట ఉంటే గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగిన రోజున టెన్షన్.

అన్నిటికన్నా ఎక్కువమంది మర్చిపోయేది ఒకటుంది. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలంటే ఒకరి ఖాతాలో మరొకర్ని ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ జాబితాలో ముందే కలపాలి, డిప్‌కు ఇద్దరినీ ఒకే గుంపుగా నమోదు చేయాలి. మొదటి ఏడాది అన్నయ్యా నేనూ విడివిడిగా వేశాం. అన్నయ్యకు ఒక మ్యాచ్ తగిలింది, నాకు ఏదీ తగల్లేదు. ఒక్కణ్ణే వెళ్లనని అన్నయ్య ఆ టికెట్ క్లబ్బుకే తిరిగిచ్చేశాడు.

కార్డు సంగతి కూడా ముందే చూసుకోవాలి. యూపీఐ అక్కడ పనిచేయదు. వీసా లేదా మాస్టర్‌కార్డ్ ఉండాలి, బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసి పరిమితి పెంచుకోవాలి. కొత్త కార్డుల్లో అది మూసే ఉంటుంది. కొన్ని క్లబ్బుల్లో డిప్ తగిలిన వెంటనే కార్డు నుంచి డబ్బు దానంతటదే కట్ అవుతుంది. ఆ సమయానికి కార్డు గడువు ముగిసినా, పరిమితి తక్కువున్నా తగిలిన టికెట్ పోయినట్టే.

ముందొచ్చినవాళ్లకు ముందు పద్ధతిలో అమ్మే రోజులూ కొన్ని ఉంటాయి. అక్కడ ఉదయం 11 అంటే మనకు వేసవిలో మధ్యాహ్నం 3:30, శీతాకాలంలో 4:30. మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారం వాళ్ల గడియారం మారుతుంది. తత్కాల్ బుక్ చేసే అలవాటున్నవాళ్లు ఒక్కటి మార్చుకోవాలి. ఇక్కడ పేజీని పదేపదే రిఫ్రెష్ చేస్తే వరసలో చోటు పోవచ్చు. ఒక్క బ్రౌజర్, ఒక్క ట్యాబ్, వీపీఎన్ ఆపేసి ఉండాలి. మా సెంటర్లో ఒకసారి నా ముందు 20 వేల పైచిలుకు మంది ఉన్నారని చూపించింది. ఫ్యాన్ కింద కూర్చుని గంటకు పైగా ఆ చిన్న బొమ్మ గీత మీద కదలడమే చూశాను, జిరాక్స్ కోసం వచ్చినవాళ్లను మా ఆయన చూసుకున్నాడు. చివరికి రెండు విడి సీట్లు దొరికాయి. ఒకటి కింద, ఒకటి పైన. అయినా తీసుకున్నాం.

డిప్ తగలకపోతే నిరాశపడి వదిలేయకండి. రాలేనివాళ్లు సీట్లు క్లబ్బు ఎక్స్‌చేంజ్‌లోకి తిరిగి ఇస్తుంటారు, మ్యాచ్‌కు వారం పది రోజుల ముందు నుంచి అవి కనిపిస్తుంటాయి. నాకౌట్ టోర్నీ లీగ్ కప్‌లో ఈ క్లబ్బులు ఆడే మొదటి మ్యాచ్‌లకు పోటీ తక్కువ. మహిళల జట్టు మ్యాచ్‌లను చిన్నచూపు చూడొద్దు. 2025-26 నుంచి ఆర్సెనల్ మహిళలు తమ లీగ్ హోమ్ మ్యాచ్‌లన్నీ 60 వేల పైన పట్టే ఎమిరేట్స్‌లోనే ఆడుతున్నారు. ఇంట్లో ఆడపిల్లలుంటే మొదటి మ్యాచ్ అదే చూపించమంటాను.

బయట కొనొద్దు

ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే దెబ్బ తిన్నాను. మేము మ్యాచ్‌కు వెళ్లకముందు ఒక ఏడాది ఒకతను మెసేజ్ గ్రూపులో పరిచయమయ్యాడు. తన మెంబర్‌షిప్ మీద రెండు టికెట్లున్నాయని 40 వేలు తీసుకున్నాడు. టికెట్ అని ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. ఆ రెండో రోజు నుంచి నంబర్ పనిచేయలేదు. మా అన్నయ్య ఆ డబ్బును చిట్టీ ఎత్తి ఇచ్చాడు. క్లబ్ అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం ఇంగ్లండ్‌లో 1994 నుంచి నేరం. కొన్న టికెట్ నిజమైనదే అయినా ఇంకొకరి పేరు మీదుందని తెలిస్తే గేటు దగ్గరే ఆపేయొచ్చు, ఆ ఖాతాను రద్దు చేయొచ్చు. అలాగే మీ మెంబర్‌షిప్‌ను ఎవరికీ అద్దెకివ్వకండి. ఏడాదంతా డిప్‌లో పేరు వేసి ఎదురుచూసే ఎవరో ఒకరి సీటు అలా పోతుంది.

ప్రయాణం ఖాయం చేసేముందు

టీవీవాళ్ల కోసం మ్యాచ్‌లు శనివారం నుంచి ఆదివారానికో సోమవారానికో మారుతుంటాయి. మాదీ శనివారం అనుకున్నది ఆదివారమైంది. అందుకే మ్యాచ్‌కు అటూ ఇటూ రెండేసి రోజులు వదిలి విమానం బుక్ చేసుకోవాలి, అక్కడి రైలు టికెట్ ఆఖరున కొనాలి. వీసా ముందు పెట్టుకోండి. మ్యాచ్ టికెట్ ఉంది కదా అని వీసా ఇవ్వరు, ఉద్యోగం, బ్యాంకు ఖాతా, తిరిగొచ్చే కారణం చూస్తారు.

ఇక ఫోన్. ఆన్‌ఫీల్డ్‌లో టికెట్ ఫోన్‌లోని వాలెట్ యాప్‌లో ఉంటుంది, గేటు దగ్గర మెట్రో కార్డులా ఆనించాలి. దానికి ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ ఉండాలి. మనం కొనే తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. సెట్టింగ్స్‌లో వెతికి చూసుకోండి. అన్నయ్య ఫోన్‌లో లేదని మాకు బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు తెలిసింది, మా అబ్బాయి ఫోన్ తీసుకుని వెళ్లాం. టికెట్‌ను ఇంట్లోనే వాలెట్‌లోకి దించుకోండి, అంత జనంలో నెట్ అందకపోవచ్చు.

మ్యాచ్ రోజు ఆన్‌ఫీల్డ్ గేటు దగ్గర అన్నయ్య చెయ్యి వణుకుతోంది. మొదటిసారి ఆనిస్తే ఎర్ర లైటు వచ్చింది. వెనకున్న పెద్దాయన ఏమీ అనకుండా అన్నయ్య మణికట్టు పట్టుకుని ఫోన్‌ను కొంచెం కిందికి వంచాడు. పచ్చ లైటు. నడుముకు తగిలే ఆ ఇనుప గేటు గట్టిగా కటక్‌మని తిరిగింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి, దాని కోచ్ రహీం సాబ్ గురించి చెప్పి మాకు ఈ ఆట నేర్పింది మా నాన్న. లోపలికి అడుగు పెట్టాక అన్నయ్య నాతో మాట్లాడిన మొదటి మాట, "నాన్న ఉంటే బాగుండేది."

సికింద్రాబాద్ వచ్చిన మర్నాడు సెంటర్ తెరిచి ముందు మా ఖాతాలు చూశాను. మ్యాచ్‌ల లెక్క దగ్గర అన్నయ్యకు ఒకటి, నాకు ఒకటి పడింది. నాలుగుకు ఇంకా మూడు.