విజయనగరం, శ్రీకాకుళంలో ఇల్లు కొనాలంటే డౌన్ పేమెంట్ ఎలా సర్దుకోవాలి

ఇల్లు కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "గవర్నమెంట్ ఎంత ఇస్తుంది?" అని. ఇస్తుంది గానీ, రిజిస్ట్రేషన్ రోజుకి మీ చేతిలో ఉండేలా ఇవ్వదు. సబ్సిడీ వస్తుంది కదా అని బయానా ఇచ్చేసి, తర్వాత తల పట్టుకునేవాళ్లు ఇక్కడే ఎక్కువ.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0లో వడ్డీ సబ్సిడీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు ఉండాలి. లోన్ 2024 సెప్టెంబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ తీసుకున్నదై ఉండాలి. మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, మొత్తం కలిపి ఎక్కువలో ఎక్కువ 1.80 లక్షలు. అది కూడా ఐదు వార్షిక వాయిదాల్లో మీ లోన్ ఖాతాకి జమ అవుతుంది. అంటే డౌన్ పేమెంట్‌కి ఇందులోంచి రూపాయి కూడా రాదు, లోన్ భారం మాత్రం తగ్గుతుంది.

భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు కలిస్తే ఒక కుటుంబం. వీళ్లలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇంటి పథకమూ వాడుకుని ఉండకూడదు. మీ ఆవిడ పేరు మీద జగనన్న కాలనీలో ఇల్లు వచ్చి ఉంటే ఆశ వదులుకోండి. నాన్నగారికి ఊళ్లో ఇల్లుందని మాత్రం ఆగిపోకండి, పెళ్లయిన కొడుకుది వేరే కుటుంబం కిందే లెక్క. ఇది పట్టణాల పథకం కాబట్టి ఇల్లు ఊరి శివారులో ఉంటే, ఆ గ్రామం పథకం పరిధిలోకి వస్తుందో లేదో మున్సిపాలిటీలోనో బ్యాంకులోనో ముందే అడగండి. వీఎంఆర్‌డీఏ (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ అనో సుడా (శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ అనో బ్రోకర్ చెప్పింది చాలదు.

ఇప్పుడు చేతి డబ్బు లెక్క. విజయనగరంలో కంటోన్మెంట్ వైపో, శ్రీకాకుళంలో బలగ వైపో 30 లక్షల ఫ్లాట్ చూశారనుకుందాం. 30 లక్షల లోపు లోన్లకి బ్యాంకు 90 శాతం దాకా ఇవ్వొచ్చు, అంటే 27 లక్షలు. కానీ సబ్సిడీ కావాలంటే 25 దగ్గర ఆగాలి. కాబట్టి 5 లక్షలు మీవి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే మరో 2.25 లక్షలు, దీన్ని బ్యాంకు లోన్‌లో కలపదు. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ లాంటివి వేరే. ఏడున్నర లక్షలకి తక్కువ పెట్టుకుని దిగొద్దు.

అమ్మేవాళ్లు "22 లక్షలకి రిజిస్టర్ చేద్దాం, మిగతాది క్యాష్ ఇవ్వండి, మీకూ ఖర్చు తగ్గుతుంది" అంటారు. తగ్గేది 60 వేలు. కానీ బ్యాంకు 22 మీదే లెక్క కట్టి 19.80 లక్షలే ఇస్తుంది, మిగతా 10.20 లక్షలు మీరే తేవాలి! పైగా స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన క్యాష్‌గా తీసుకోవడమే చట్ట విరుద్ధం. ఈ బేరానికి ఒప్పుకోకండి.

ఆ ఏడున్నర ఎక్కణ్నుంచి తేవాలి? ఉద్యోగులైతే ముందు పీఎఫ్ చూడండి. ఇంటి కోసం తీసుకున్నది తిరిగి కట్టక్కర్లేదు, అందుకే నా లెక్కలో అదే మొదటిది. క్లెయిమ్ చాలాసార్లు ఆగేది బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలు సరిపోకే, అందుకని కేవైసీ బేగి సరిచేసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకి జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల పీఎఫ్), ఏపీజీఎల్‌ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా) లోన్ ఉన్నాయి. చీటీ పాడేద్దామనుకుంటే రిజిస్టర్ అయినదైతేనే, అదీ పాటలో ఎంత తోసేస్తున్నారో, అంటే ఎంత వదులుకుంటున్నారో చూసుకుని. పర్సనల్ లోన్ తెచ్చి డౌన్ పేమెంట్ కట్టడం నాకు నచ్చదు. అది సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రిపోర్టులో కనపడుతుంది, దాని ఈఎంఐ లెక్కేసి బ్యాంకు హోమ్ లోన్ తగ్గించేస్తుంది. బంగారం లోన్ కొంత నయం, కానీ అదీ అప్పే కదా.

సొంత స్థలం ఉండి, ఆదాయం 3 లక్షల లోపు ఉన్నవాళ్లకి దారి వేరు. ఇల్లు కట్టుకోవడానికి అదే పథకంలో కేంద్రం 1.5 లక్షలు, దానిపైన రాష్ట్రం వాటా ఇస్తాయి. పని సాగేకొద్దీ విడతలుగా పడుతుంది కాబట్టి పునాదికి డబ్బు ముందు మీరే పెట్టుకోవాలి. వార్డు సచివాలయంలో అడగండి.

బయానాకి ముందే బ్యాంకులో మీకు ఎంత లోన్ వస్తుందో రాయించుకోండి. ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) తెప్పించుకుని, 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఆ సర్వే నంబరు లేదని చూసుకోండి. డి-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి) అయితే అక్కడితో ఆపేయండి. అగ్రిమెంట్‌లో "బ్యాంకు లోన్ రాకపోతే బయానా తిరిగివ్వాలి" అనే వాక్యం పెట్టించండి. అమ్మేవాళ్లు ముఖం మాడ్చుకుంటారు, అయినా పెట్టించండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందికొచ్చే కొత్త అపార్ట్‌మెంట్ అయితే, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు.

సబ్సిడీ సంగతి లోన్ అప్లికేషన్‌తో పాటే బ్యాంకుకి చెప్పండి. సబ్సిడీ వాయిదా పడే సమయానికి లోన్ అసలులో సగం కంటే ఎక్కువ బాకీ ఉండాలి, ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) కాకూడదు. కాబట్టి మధ్యలో డబ్బు వచ్చిందని పెద్ద మొత్తం ముందే కట్టేసే ముందు ఎన్ని సబ్సిడీ వాయిదాలు మిగిలాయో చూసుకోండి.