జెనీజా కాగితాలు చదువుదాం – 4వ పాఠం: పెళ్లి పత్రం

పోయిన పాఠంలో హీబ్రూ అక్షరాల్లో రాసిన అరబ్బీ మాటల్ని కూడబలుక్కుని చదివాం. ఈసారి ఒక పూర్తి పత్రం చదువుదాం: కెతుబా, అంటే యూదుల పెళ్లి ఒప్పందం.

పాత కైరోలోని ఫుస్తాత్‌లో, బెన్ ఎజ్రా సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గదిలో, అంటే జెనీజాలో, శతాబ్దాలుగా పోగుపడిన కాగితాల్లో ఇవి చాలా ఉన్నాయి. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదన్న ఆచారమే వాటిని కాపాడింది. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల అక్కచెల్లెళ్లు కొని తెచ్చిన ఒక ముక్క, బెన్ సిరా అనే ప్రాచీన గ్రంథపు హీబ్రూ ప్రతిలోది. అది చూసే కేంబ్రిడ్జ్ పండితుడు సొలొమన్ షెక్టర్ కైరోకు బయల్దేరాడు. ఆయన వెతికింది పాత గ్రంథాల కోసం. ఫాతిమిద్‌ల (10–12 శతాబ్దాల్లో ఈజిప్టును ఏలిన వంశం) పాలనలో ఆడవాళ్లు ఎలా బతికారో తెలియాలంటే మాత్రం ఈ పెళ్లి పత్రాలే చదవాలి.

మొదట తేదీ పట్టుకోండి. ఎక్కువగా సెల్యూసిడ్ శకం, అంటే క్రీ.పూ. 312లో మొదలైన పాత కాలగణన, ఉంటుంది. ఆ సంవత్సరం శరత్కాలంలో మొదలవుతుంది కాబట్టి మన లెక్కలోకి మార్చడానికి డిసెంబరు వరకు 312, జనవరి నుంచి 311 తీసేయాలి. 1400 అని ఉంటే 1088 శరత్తు, లేదా 1089.

తర్వాత వరుడు ఇచ్చే సొమ్ము. రెండు అంకెలుంటాయి: ఒకటి పెళ్లప్పుడు ఇచ్చేది, రెండోది విడాకులిచ్చినా భర్త పోయినా చెల్లించాల్సింది. నికానామాలో మెహర్‌ను ఇలా రెండు భాగాలుగా రాయడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రెండో అంకె సాధారణంగా పెద్దది.

ఇక సారె జాబితా. ఇక్కడ తొందరపడకండి, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. ముందు బంగారం: చెవిపోగులు, కడియాలు, ఒక్కోదానికీ దీనార్లలో (బంగారు నాణేలు) ధర. ఆపైన బట్టలు, పరుపులు, రాగి సామాను. ప్రతి ధరా విడిగా రాసుకుని కూడండి. కింద రాసిన మొత్తంతో తేడా వస్తే కాగితం చిరిగిందా, మనం అంకె తప్పుగా చదివామా అని మొదట చూడండి. కొలతకు ఇది గుర్తుంచుకోండి: మామూలు కుటుంబానికి నెలకు సుమారు 2 దీనార్లు చాలేవని ఈ కాగితాల మీద జీవితకాలం పనిచేసిన గోయ్‌టైన్ లెక్క. ఒక్క జత కడియాలు ఎన్ని నెలల బతుకో అప్పుడు తెలుస్తుంది. విడాకులైతే ఈ సారె ఆమెకు తిరిగి రావాలి, అందుకే అంత వివరంగా రాశారు.

చివర షరతులు. చాలామంది వదిలేస్తారు, నాకైతే పత్రంలో అసలు విషయం ఇదే. ఆమె ఒప్పుకోకుండా రెండో పెళ్లి చేసుకోకూడదు, దాసీని పెట్టుకోకూడదు, ఆమె వద్దన్న ఊళ్లో కాపురం పెట్టకూడదు అని కొన్నిటిలో కనిపిస్తుంది. ఆ సమాజంలో యూదుడికైనా ముస్లింకైనా రెండో భార్య నిషిద్ధం కాదు. కాబట్టి ఆ వరుసలు పెళ్లికూతురి తరఫువాళ్లు కూర్చుని బేరమాడి రాయించుకున్నవి.

అభ్యాసం: అబ్రహాం బెన్ యిజు అనే వర్తకుడు మలబారు తీరంలో ఉండగా, ఆషు అనే దాసికి 1132 అక్టోబరు 17న విముక్తి పత్రం రాశాడు. అది సెల్యూసిడ్ శకంలో ఎన్నో సంవత్సరం? చూడకుండా లెక్క కట్టండి. ప్రిన్స్‌టన్ జెనీజా ప్రాజెక్టు సైట్‌లో ఒక కెతుబా ఎంచుకుని సారె మొత్తం కూడి పెట్టుకోండి. 5వ పాఠంలో వుహ్షా అనే దళారీ వ్యాపారి రాయించిన వీలునామా చదువుతాం.