కళ్ల ముందే చిప్ప తెరిచి ముత్యం తీసిస్తామంటే ఏం చూడాలి?

మాల్‌లోనో, ఎగ్జిబిషన్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లోనో ఎవరైనా ఒక చిప్ప చూపించి "మీ అదృష్టం ఎలా ఉందో చూద్దాం మేడమ్" అన్నారనుకోండి. ముందు చిప్పను వదిలేసి, అది ఏ ప్యాకెట్‌లోంచి వచ్చిందో చూడండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

నేను హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ఒక ముత్యాల షాపులో గుచ్చే పని చేస్తాను. దండలు గుచ్చడం, తెగినవి విప్పి మళ్లీ ముడులేసి కట్టడం, విడి ముత్యాలకు బెజ్జం వేయించి లాకెట్‌లో కూర్చడం. ఈ మధ్య విడి ముత్యం పట్టుకొచ్చేవాళ్లలో ఇలా చిప్పలోంచి తీయించుకున్నవాళ్లు బాగా కనిపిస్తున్నారు. చిన్న డబ్బాలో దూది, దూదిలో ముత్యం, పక్కన ఒక కార్డు. నీలం వస్తే ప్రశాంతత, గులాబీ వస్తే ప్రేమ, ఆకుపచ్చ వస్తే డబ్బు అని ఆ కార్డు మీద రాసుంటుంది.

మొన్న ఒకావిడ నెమలికంఠం రంగు ముత్యం తెచ్చారు. కూతురి పుట్టినరోజుకి గొలుసులో వేయాలట. బెజ్జం వేస్తుంటే సూది వెంబడి తెల్లటి పొడి లేచింది. లూప్ (నగలు చూసే చిన్న భూతద్దం) పెట్టి చూస్తే బెజ్జం మూతి చుట్టూ సన్నగా ముదురు నీలం గీత, దాని లోపల అంతా పాల రంగు. ముత్యం మీద ఒకచోట వెంట్రుకవాసి పగులు ఉంది, అందులో రంగు ఇంకి సిరా గీతలా కనిపిస్తోంది. "ఇది రంగు వేసిన మంచినీటి ముత్యం అమ్మా" అన్నాను. "అదెట్లా అక్కా, నా కళ్ల ముందే చిప్పలోంచి తీశారు కదా!" అన్నారావిడ. తీశారు, నిజమే. అంతకుముందు ఎవరో అందులో పెట్టారు కూడా.

ఇందులో కిటుకు పెద్దదేం కాదు. సముద్రంలో పెరిగే అకోయా రకం ముత్యపుచిప్పల్లో చిన్నవాటిని, పనికిరానివాటిని చవగ్గా కొంటారు. చైనాలో చెరువుల్లో పెంచే మంచినీటి ఆల్చిప్పల నుంచి వచ్చిన ముత్యాలకు రంగులు అద్దుతారు. చచ్చిన చిప్పలో మాంసం మధ్య ముత్యాన్ని దూర్చి, పాడవకుండా ఏదో ద్రవం పోసి, గాలి తీసేసి ప్యాకెట్ సీల్ చేస్తారు. కవల ముత్యాలు కావాలంటే రెండు పెడతారు, అంతే. ప్యాకెట్లు ఇలా తయారై హోల్‌సేల్‌గా వస్తాయి కాబట్టి, స్టాల్‌లో కూర్చున్న కుర్రాడికి చాలాసార్లు ఈ సంగతే తెలియకపోవచ్చు. అతని మీద అరవడం దండగ.

ముత్యం అసలు ఎలా పుడుతుందో కొంచెం తెలిస్తే ఈ కథ మీ దగ్గర చెల్లదు. స్వాతి కార్తెలో చినుకు పడితే ముత్యమవుతుందని మన పెద్దలు అనేవారు. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ జరిగేది వేరు. చిప్ప లోపలి మెత్తటి పొరకు దెబ్బ తగిలినా, పరాన్నజీవి దూరినా, అక్కడ సంచిలా ఏర్పడి పొర మీద పొరగా మెరుపు పదార్థం పేరుకుంటుంది. మనుషులు ఆ పనిని కావాలని చేయిస్తే అది కల్చర్డ్ ముత్యం. జపాన్‌లో మికిమోటో అనే వ్యాపారి 1893లో అర్ధగోళం ముత్యాన్ని అలా పండించాడు. మన తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు 1973లో సాధించారు. అకోయా చిప్పలో ఒక గుండ్రటి పూసను, ఇంకో చిప్ప నుంచి కోసిన చిన్న పొర ముక్కను కలిపి పెడతారు. సాధారణంగా చిప్పకు ఒకటి, రెండు ముత్యాలే. మంచినీటి ఆల్చిప్పలో పూస అవసరం లేకుండానే, పొర ముక్కలతో ఒక్కదాంట్లోనే డజన్ల కొద్దీ పండుతాయి. అందుకే అవి అంత చవక.

ఇక మనుషుల చెయ్యి పడకుండా పుట్టిన జాతి ముత్యం అంటారా, ఒకటి దొరకాలంటే ఎన్నో చిప్పలు తెరవాలి. నిజాం నగల్లో కనిపించే బస్రా ముత్యాలు అలాంటివి. వరసగా ప్రతి చిప్పలోనూ ముత్యం రావడం, అదీ గుండ్రంగా, అదీ అడిగిన రంగులో రావడం ఎక్కడా జరగదు. "ప్రతి చిప్పలో గ్యారంటీ ముత్యం" అని బోర్డు పెట్టారంటే, లోపల పెట్టామని వాళ్లే చెప్పినట్టు లెక్క.

సరే, స్టాల్ ముందు నిలబడ్డారు. ఏం గమనించాలి? బతికున్న చిప్ప నోరు బిగించి ఉంటుంది. దాన్ని తెరవాలంటే రెండు పెంకుల మధ్య సన్నటి కత్తి దూర్చి లోపలి కండరాన్ని కోయాలి, చేతికి బలం కావాలి. వెన్న రాసే కత్తి ఆనించగానే తెరుచుకుందంటే అది చచ్చి చాలాకాలమైంది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న హైదరాబాద్‌లో, ఏసీ మాల్‌లో, నీటి తొట్టి కూడా లేకుండా బతికున్న చిప్పలు ఎలా ఉంటాయో మీరే ఆలోచించండి. వాసన కూడా చెబుతుంది. చేపల మార్కెట్ వాసన కాదు, మందుల వాసన కలిసిన కుళ్లు. తర్వాత ముత్యం ఎక్కడ నుంచి వచ్చిందో చూడండి. చిప్పలో పెరిగింది కండలో సంచిలాంటి పొరలో ఇరుక్కుని ఉంటుంది, ఆ పొరను చీలిస్తేనే బయటకు వస్తుంది. కండలో ముందే ఒక గాటు ఉండి, వేలు పెట్టగానే జారి వచ్చిందంటే అది దాచి పెట్టిందే.

రంగు దగ్గర పెద్దగా బుర్ర పెట్టక్కర్లేదు. మంచినీటి ముత్యం సహజంగా తెలుపు, మీగడ, లేత నారింజ, లేత గులాబీ, లేత ఊదా రంగుల్లో వస్తుంది. బతుకమ్మ చీరల్లో ఉండే నీలం, పచ్చ, ఎరుపు వచ్చాయంటే అద్దకమే.

ముత్యాన్ని పంటికి రాసి చూడమని మనవాళ్లు చెబుతారు. వీటి విషయంలో ఆ పని చేయకండి. ఆ ద్రవంలో ఏం కలిపారో ప్యాకెట్ మీద రాసి ఉండదు, నోట్లో పెట్టుకోవడం దేనికి? పిల్లల్ని కూడా ఆ నీళ్లు ముట్టుకోనివ్వకండి. సబ్బుతో కడిగిన తర్వాత రెండు ముత్యాలను ఒకదానికొకటి మెల్లగా రుద్దండి. గరుగ్గా తగిలితే ముత్యపు పొర ఉన్నట్టు, నున్నగా జారితే గాజో ప్లాస్టిక్కో. అయితే ఈ పరీక్ష చెప్పేది అంతవరకే. రంగు వేసిన మంచినీటి ముత్యం కూడా గరుగ్గానే తగులుతుంది. జాతి ముత్యమా, కల్చర్డా అన్నది కళ్లతో తేల్చలేం, ల్యాబ్‌లో ఎక్స్‌రే తీయాలి. హాల్‌మార్క్ ఉంది కదా అంటారేమో, అది బంగారానికి, వెండికి. దానికీ ముత్యానికీ సంబంధం లేదు.

అసలు దెబ్బ ధర దగ్గర. మా దగ్గర 16 అంగుళాల సరం గుచ్చితే, 7 మిల్లీమీటర్ల ముత్యాలు దాదాపు 55 పడతాయి. మామూలు రకం మంచినీటి ముత్యాల సరం ఏ షాపులోనైనా ధర అడగండి, 55తో భాగించండి. మాటవరసకి 1,650 చెప్పారనుకుందాం, ముత్యం 30 రూపాయలు పడ్డట్టు. ఇప్పుడు చిప్పకు అడుగుతున్న ఐదొందలో, వెయ్యో దాని పక్కన పెట్టి చూడండి. మిగతా డబ్బంతా తమాషాకు. పిల్లలు సరదా పడ్డారు, సినిమా టికెట్ లాగా ఇచ్చేద్దాం అనుకుంటే నాకేం అభ్యంతరం లేదు. "ముత్యం మేమే పెట్టాం, సరదాకి తెరవండి" అని బోర్డు మీద రాసి అమ్మేవాళ్లను నేను తప్పుపట్టను కూడా. ఇది సముద్రంలో పుట్టిన ముత్యం, విలువ 5,000, మీకు లక్కీగా 499కే వచ్చింది అంటేనే మోసం. ఆ 5,000 కార్డు చూపించినప్పుడు ఒక్క మాట అడగండి: "దీన్ని రెండు వేలకు మీరే తిరిగి తీసుకుంటారా?" జవాబు ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

జాతకంలో చంద్రుడి కోసం ముత్యం పెట్టుకోమన్నారని ఇలాంటి చోట తీసుకునేవాళ్లు కొందరున్నారు. దయచేసి వద్దు. పెట్టుకోవాలనే ఉంటే షాపులో ముత్యం చూసి, ఏ రకమో అడిగి, బిల్లు మీద రాయించుకుని కొనండి. పత్తర్‌గట్టిలో ఎక్కువగా చైనా మంచినీటి ముత్యాలే అమ్ముతారు, ఆ మాట అడిగితే చెబుతారు. అందులో దాచాల్సిందేం లేదు.

లైవ్‌లో కొనేటప్పుడు ఇంకో తలనొప్పి. చిప్ప కోసేది వాళ్లు, మీ ఇంటికి వచ్చేది కొరియర్. లైవ్‌లో మెరిసిన ముత్యమే వచ్చిందో లేదో ఎవరికి తెలుసు? కొంటే డబ్బు పంపేముందు చాట్‌లో మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ముత్యం ఈ చిప్పలోనే పెరిగిందా? రంగు సహజమా, అద్దిందా? మంచినీటిదా, సముద్రపుదా? "హండ్రెడ్ పర్సెంట్ రియల్ మేడమ్" అనేది జవాబు కాదు. స్క్రీన్ రికార్డింగ్ ఉంచుకోండి. పేరు, అడ్రస్ లేకుండా యూపీఐ నంబరు మాత్రమే ఇస్తే అక్కడితో వదిలేయండి.

ఇప్పటికే మోసపోయి ఉంటే, ముందు బిల్లు వెతకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపారం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నది ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే, అమ్మినవాళ్లు "వెనక్కి తీసుకోం" అనడానికి వీల్లేదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. "చిప్ప తెరిచాక రిటర్న్ లేదు" అన్న బోర్డు చూసి బెదరక్కర్లేదు.

ముందు అమ్మినవాళ్లకే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయండి. దులిపేస్తే 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఫిర్యాదులో "మోసం చేశారు" అని ఊరుకోకుండా, వాళ్లు అన్న మాట, మీకు ఇచ్చిన వస్తువు పక్కపక్కన పెట్టి రాయండి: "చిప్పలో సహజంగా పెరిగిన సముద్రపు ముత్యం అని చెప్పి, రంగు అద్దిన మంచినీటి ముత్యం ఇచ్చారు." ప్యాకెట్ మీది లేబుల్, కార్డు, స్టాల్ ఫోటో జత చేయండి. ముత్యానికి అప్పుడే బెజ్జం వేయించొద్దు. బెజ్జం వేశాక "మీరే పాడు చేశారు" అంటారు.